గ్రాండ్ ప్రి లెజెండ్స్: మధ్యలో వదిలేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడం ఎలా?

1998లో వచ్చిన ఒక కంప్యూటర్ రేసింగ్ గేమ్‌కి అభిమానులు ఇంకా కొత్త ట్రాక్‌లు తయారుచేస్తూ, కొత్త కార్లు జోడిస్తూ, ల్యాప్ టైములు పోల్చుకుంటూ ఉన్నారంటే అందులో ఏదో ఉండాలి. ఆ గేమ్ గ్రాండ్ ప్రి లెజెండ్స్. పాపిరస్ అనే అమెరికన్ స్టూడియో తయారుచేసింది, సియెరా విడుదల చేసింది. 1967 నాటి ఫార్ములా వన్ సీజన్ అందులో ఉంది. అప్పట్లో అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. కొన్నవాళ్లలో కూడా చాలామంది మొదటి సాయంత్రమే విసుగొచ్చి పక్కన పెట్టేశారు. కారు బయలుదేరుతుండగానే వెనక చక్రాలు జారి గిర్రున తిరుగుతుంది. ఎలాగో మొదటి మలుపు దాకా వెళ్తే బ్రేక్ లాక్ అయి గడ్డిలోకి పోతుంది. రోడ్ ర్యాష్, నీడ్ ఫర్ స్పీడ్ ఆడుతూ పెరిగిన మన తరానికి ఇది పెద్ద షాక్.

తప్పు గేమ్‌ది కాదు, మనం మొదలుపెట్టే వరుసది. అందరూ చేసేది ఒకటే. గేమ్ పెట్టగానే లోటస్ కారు ఎంచుకుంటారు, మొనాకోకో నూర్బుర్గ్‌రింగ్‌కో వెళ్తారు, ప్రత్యర్థులందరితో రేసు మొదలుపెడతారు. అలా మొదలుపెడితే ఎవరికైనా కుదరదు. సరైన వరుసలో వెళ్తే మాత్రం ఈ గేమ్ నేర్పినంతగా కారు నడపడంలోని లోతు ఇంకే పాత గేమ్ నేర్పదని నా నమ్మకం. ఆ వరుస ఏమిటో మొదటి నుంచి చెప్తాను.

ముందుగా, 1967 ఎందుకు?

ఇది తెలియకుండా నడపడం కష్టం కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. పాపిరస్‌ని డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారీ 1987లో మొదలుపెట్టారు. 1989లో ఇండియానాపొలిస్ 500, 1993లో ఇండీకార్ రేసింగ్, 1994లో నాస్కార్ రేసింగ్ తెచ్చి సిమ్యులేషన్ అంటే వీళ్లే అన్న పేరు సంపాదించారు. ఆ తర్వాత గ్రాండ్ ప్రి రేసింగ్ చేయాలనుకున్నప్పుడు అప్పటి కొత్త సీజన్‌ని కాకుండా ముప్పై ఏళ్ల వెనకటి సీజన్‌ని ఎంచుకున్నారు.

1966 నుంచి ఫార్ములా వన్‌లో 3 లీటర్ల ఇంజన్లు వచ్చాయి. 1967లో లోటస్ 49లో పెట్టిన ఫోర్డ్ కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ 400 హార్స్‌పవర్ దాటింది. కారు బరువేమో దాదాపు 500 కిలోలు. రెక్కలు మాత్రం ఇంకా రాలేదు, అవి 1968లో వచ్చాయి. అంటే శక్తి విపరీతంగా ఉంది, కారుని నేలకి అదిమిపెట్టే గాలి ఒత్తిడి ఏమీ లేదు, టైర్లు ఇప్పటి వాటితో పోలిస్తే సన్నవి. ఈ మూడూ ఒకేచోట కలిసిన కాలం అది. కారు ప్రతి మలుపులోనూ ఎంతోకొంత జారుతూనే వెళ్తుంది. ఆ జారుడుని అదుపులో పెట్టడమే డ్రైవర్ పని. రెక్కలున్న కారులో వేగం పెరిగేకొద్దీ గ్రిప్ పెరుగుతుంది, ఇందులో పెరగదు. మలుపు ఎంత వేగంగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఆ రోజుల్లో ఆ కార్లు నిజంగా ప్రాణాంతకమైనవి. ఆ ఏడాది మొనాకోలో కాలిన గాయాలతో ఫెరారీ డ్రైవర్ లోరెంజో బాండిని చనిపోయాడు. లోటస్ డ్రైవర్ జిమ్ క్లార్క్ మరుసటి ఏప్రిల్‌లో హాకెన్‌హైమ్‌లో ఒక ఫార్ములా టూ రేసులో పోయాడు. ఆట ఆడేటప్పుడు కూడా ఇది గుర్తుంటే ఆ డ్రైవర్ల మీద గౌరవం పెరుగుతుంది. ఒక్కో ల్యాప్ వాళ్లకి ఏమిటో కొంచెం తెలుస్తుంది.

మొదటి మెట్టు: గేమ్‌ని ఇప్పటి కంప్యూటర్‌లో నిలబెట్టడం

అసలు గేమ్ సీడీలో వచ్చింది. సీడీ దొరకకపోతే, ఒకసారి రుచి చూడాలనుకుంటే, అభిమానుల చేతుల్లో తిరుగుతున్న 2004 డెమో ఉంది. ముందు అది పెట్టి చూడటం మంచిది.

సీడీ నుంచి పెట్టినప్పుడు నేరుగా ఆడకండి. 1998లో గేమ్ 3డీఎఫ్‌ఎక్స్, రెండిషన్ గ్రాఫిక్స్ కార్డుల కోసం తయారైంది. ఆ కార్డులు ఇప్పుడు లేవు. అధికారిక 1.2 ప్యాచ్ (గేమ్‌ని సరిచేసే చిన్న ఫైలు) ముందు వేయాలి. ఆ తర్వాత అభిమానులు తయారుచేసిన ఓపెన్‌జీఎల్ ఫైలు వేస్తే ఇప్పటి కార్డుల మీద, ఇప్పటి స్క్రీన్ సైజుల్లో బాగా ఆడుతుంది. వేగమైన ప్రాసెసర్ల మీద పాత ప్రోగ్రామ్ ఇబ్బంది పెడుతుంది, దానికీ ప్యాచ్ ఉంది. ఇవన్నీ ఒకటొకటిగా వెతుక్కోవడం కంటే అన్నిటినీ కలిపి పెట్టే ఇన్‌స్టాలర్ వాడితే తలనొప్పి తగ్గుతుంది. గేమ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాకుండా విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. సెట్టింగ్ ఫైళ్లు మార్చాల్సి వచ్చినప్పుడు విండోస్ అడ్డుపడదు.

జెమ్ ప్లస్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా పెట్టుకోండి. గేమ్‌ని దాన్నుంచే తెరవొచ్చు, ప్రత్యర్థుల వేగం మార్చొచ్చు, తర్వాత మోడ్‌లు (అభిమానులు తయారుచేసిన అదనపు కార్లు, సీజన్లు) వేసుకోవడానికీ అదే దారి. అసలు గేమ్ సెకనుకు 36 ఫ్రేములకి మించి చూపించదు. ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. ఇప్పుడు 60 ఫ్రేముల ప్యాచ్ ఉంది, వేసుకోండి. కారు వెనక భాగం జారడం మొదలైన క్షణం కంటికి త్వరగా తెలుస్తుంది. ఈ గేమ్‌లో ఆ క్షణమే అన్నిటికంటే ముఖ్యం.

రెండో మెట్టు: స్టీరింగ్, పెడల్స్

కీబోర్డ్‌తో ఈ గేమ్ ఆడే ప్రయత్నం చేయొద్దు. యాక్సిలరేటర్‌ని సగం, పావు, పావులో సగం నొక్కగలగాలి. కీబోర్డ్‌లో ఉన్నవి రెండే స్థితులు. ఖరీదైన స్టీరింగ్ కూడా అక్కర్లేదు. లాజిటెక్ జీ29 లాంటిది చాలు, అంతకంటే పాతదైనా పర్వాలేదు.

స్టీరింగ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం తిరిగే కోణం 900 డిగ్రీలు ఉంటే దాన్ని 360 దగ్గరికి తగ్గించండి. వెనక జారినప్పుడు స్టీరింగ్‌ని మలుపుకి ఎదురుదిక్కుకి వెంటనే తిప్పాలి, చేతులు అడ్డంగా పడేంత కోణం ఉంటే ఆలస్యమైపోతుంది. రెండు పెడల్స్‌ని కలిపి ఒకటిగా చూపించే ఆప్షన్ ఉంటే తీసేయండి. బ్రేక్, యాక్సిలరేటర్ వేర్వేరుగా ఉండాలి, ఎందుకంటే రెండూ కలిపి నొక్కాల్సిన సందర్భాలు వస్తాయి. గేమ్ లోపల కంట్రోల్స్ పేజీలో కాలిబ్రేషన్ చేసేటప్పుడు పెడల్‌ని చివరిదాకా నొక్కండి. అదే పేజీలో స్టీరింగ్ స్పందన సమంగా ఉండాలా వద్దా అనే మీట ఉంటుంది. స్టీరింగ్ వీల్ వాడేవాళ్లు దాన్ని పూర్తిగా సమం వైపు జరపాలి.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, అంటే స్టీరింగ్ చేతికి తిరిగి ఇచ్చే బలం, దాని సర్దుబాటు 'కోర్' అనే సెట్టింగ్ ఫైల్‌లో ఉంటుంది. అందులో గరిష్ఠ స్టీరింగ్ టార్క్ అనే విలువ తగ్గిస్తే చేతికి తెలిసే బలం పెరుగుతుంది, పెంచితే తగ్గుతుంది. బలం ఎంత ఎక్కువైతే అంత నిజం అనుకోకండి. ముందు టైర్లు పట్టు వదులుతుంటే స్టీరింగ్ తేలికవుతుంది. ఆ తేడా చేతికి తెలిసేంత బలం చాలు.

మూడో మెట్టు: ఏ కారు, ఏ ట్రాక్

ఏడు కార్లున్నాయి. లోటస్ 49, ఫెరారీ 312, బ్రాబమ్ బీటీ24, ఈగిల్, బీఆర్ఎమ్, ఇంకా పేరు మార్చిన రెండు. లైసెన్స్ దొరక్కపోవడంతో హోండాని మురసామా అనీ, కూపర్‌ని కోవెంట్రీ అనీ పెట్టారు. కార్లు మాత్రం అవే.

మొదటి కారుగా బ్రాబమ్ తీసుకోండి. దాని రెప్కో ఇంజన్ దాదాపు 330 హార్స్‌పవర్ ఇస్తుంది, లోటస్ కంటే చాలా తక్కువ. కానీ కారు తేలికైనది, మలుపుల్లో చెప్పినట్టు వింటుంది, జారినా మెల్లగా జారుతుంది. 1967 ఛాంపియన్ డెనీ హల్మ్ నడిపింది ఈ జట్టు కారునే. వేగంలో అందరికంటే ముందున్న లోటస్‌తో క్లార్క్ నాలుగు రేసులు గెలిచినా, నమ్మకంగా గమ్యం చేరే బ్రాబమ్‌లు ఛాంపియన్‌షిప్ తీసుకుపోయాయి. ఫెరారీ కూడా కొత్తవాళ్లకి సాయం చేసే కారే. లోటస్‌ని తర్వాతకి వాయిదా వేయండి. డీఎఫ్‌వీ ఇంజన్ శక్తి ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా వస్తుంది, మలుపు మధ్యలో అది వస్తే కారు మన చేతిలో ఉండదు. 16 సిలిండర్ల ఇంజన్ ఉన్న బీఆర్ఎమ్ చాలా బరువు, దాన్ని ఇష్టపడేవాళ్లు వేరే ఉన్నారు.

అసలు గ్రాండ్ ప్రి కారుకి ముందు ట్రైనర్ కార్లు కూడా ఉన్నాయి. శక్తి తక్కువ ఇంజన్ ఉన్న బేసిక్ ట్రైనర్, కొంచెం ఎక్కువ ఉన్న అడ్వాన్స్‌డ్ ట్రైనర్. చాలామంది వీటిని చిన్నపిల్లల కారులా చూసి వదిలేస్తారు. వదలొద్దు. బేసిక్ ట్రైనర్‌తో నిలకడగా పది ల్యాప్‌లు తిరగగలిగినప్పుడు పైదానికి వెళ్లండి. బ్రేక్, యాక్సిలరేటర్ సాయం చేసే ఆప్షన్లు ఉన్నాయి కానీ వాటిని మొదటి నుంచే ఆపేయడం నయం. వాటితో అలవాటైన కాలు తర్వాత మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. గేర్లు మాత్రం మొదట్లో ఆటోమేటిక్‌గా ఉన్నా ఫర్వాలేదు.

ట్రాక్ విషయంలో సందేహం లేదు, వాట్‌కిన్స్ గ్లెన్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఈ ట్రాక్ అప్పట్లో 3.7 కిలోమీటర్లు. చిన్న ట్రాక్ కాబట్టి ప్రతి మలుపు ఒక నిమిషంలో మళ్లీ వస్తుంది, చేతికి త్వరగా అలవాటవుతుంది. 1967లో ఇక్కడ గ్రాహమ్ హిల్ పోల్ టైమ్ (రేసుకి ముందు క్వాలిఫైయింగ్‌లో అందరికంటే వేగమైన ల్యాప్) 1 నిమిషం 5.48 సెకన్లు. మీరు 1 నిమిషం 10 సెకన్ల దగ్గరికి వస్తే బాగా నేర్చుకుంటున్నట్టే. ట్రైనింగ్ మోడ్‌లో ఎవరూ లేకుండా ఒంటరిగా తిరగండి. గడ్డిలో ఇరుక్కుంటే షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే కారు మళ్లీ ట్రాక్ మీదకి వస్తుంది.

నాలుగో మెట్టు: కాళ్లకి నేర్పాల్సింది

ఇక్కడే ఎక్కువ కాలం గడపాలి. తొందరపడి ముందుకి వెళ్తే తర్వాత ఏదీ కుదరదు.

బరువు ఎటు పోతుందో గమనించడం మొదటి విషయం. బ్రేక్ వేస్తే కారు బరువు ముందుకి వస్తుంది, ముందు టైర్లకి పట్టు పెరిగి వెనక టైర్లు తేలికవుతాయి. యాక్సిలరేటర్ నొక్కితే బరువు వెనక్కి పోతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు ముందుకి దూకి వెనక భాగం బయటికి పోతుంది. కొత్తవాళ్ల స్పిన్‌లలో ఎక్కువ భాగం ఇలాగే వస్తాయి. కారు జారుతోందని తెలిసినప్పుడు కాలు తీసేయాలనిపిస్తుంది. అదే చేయకూడదు. యాక్సిలరేటర్‌ని కొంచెం నొక్కే ఉంచి స్టీరింగ్‌ని వెనక భాగం జారుతున్న వైపుకి, అంటే మలుపుకి ఎదురుగా, తిప్పాలి. వాన పడ్డ మట్టిరోడ్డు మీద సైకిల్ వెనక చక్రం జారినప్పుడు హ్యాండిల్‌ని అటే తిప్పి, తొక్కడం ఆపకుండా ఉండటం లాంటిది ఇది. అది మన ఒంటికి తెలుసు, ఇక్కడ కాలికి నేర్పాలి.

దీనికి ఒక సాధన ఉంది. ట్రాక్‌లో ఒక మధ్యస్థ మలుపు ఎంచుకోండి. మామూలు కంటే బాగా తక్కువ వేగంతో, బ్రేకు పని పూర్తిగా అయిపోయాక మలుపులోకి వెళ్లండి. లోపలికి తిరగగానే యాక్సిలరేటర్‌ని కారు వేగం మారనంత మాత్రమే నొక్కి అలాగే ఉంచండి. మలుపు అయిపోయేదాకా ఆ కాలు కదలకూడదు. ఇలా చేస్తే కారు స్థిరంగా వెళ్తుంది. మరుసటి ల్యాప్‌లో వేగం కొంచెం పెంచండి. ఏదో ఒక ల్యాప్‌లో వెనక భాగం మెల్లగా బయటికి రావడం, మీరు స్టీరింగ్‌ని కొంచెం ఎదురు తిప్పడం, కారు అలాగే జారుతూ మలుపు దాటడం జరుగుతుంది. నాలుగు చక్రాలూ కలిసి జారే ఆ స్థితి ఈ గేమ్‌కి ప్రాణం. మొదటిసారి అది కుదిరినప్పుడు కలిగే సంతోషం మామూలుది కాదు. ఇన్నాళ్లు ఈ గేమ్‌ని జనం ఎందుకు వదల్లేదో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత బ్రేకులు. ఇందులో ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు ఆగిపోకుండా చూసే ఏర్పాటు) లేదు. పెడల్‌ని గట్టిగా తొక్కితే చక్రాలు ఆగిపోయి కారు నేరుగా జారుతుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా తిరగదు. కాబట్టి మొదట గట్టిగా మొదలుపెట్టి, వేగం తగ్గేకొద్దీ పెడల్‌ని వదులుతూ రావాలి. మొదటి రోజుల్లో బ్రేకు అంతా తిన్నగా ఉన్నప్పుడే వేయండి. మలుపులోకి తిరుగుతూ బ్రేక్‌ని కొనసాగించడం వేగంగా నడిపేవాళ్లు చేసే పని, అది తర్వాత దానంతట అదే వస్తుంది. బ్రేక్ ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తు పెట్టుకోవడానికి ట్రాక్ పక్కన ఒక బోర్డో చెట్టో చూసుకోండి.

గేర్లు దించేటప్పుడు తొందరపడితే ఇంజన్ మీదే దెబ్బ పడుతుంది. ఎక్కువ వేగంలో కింది గేర్ వేస్తే ఇంజన్ గరిష్ఠాన్ని దాటి పగిలిపోతుంది. అంతకంటే ముందు వెనక చక్రాలు ఒక్కసారి లాగి కారుని తిప్పేస్తాయి. గేర్ దించే ప్రతిసారీ యాక్సిలరేటర్‌ని ఒకసారి చిన్నగా తట్టండి, ఇంజన్ వేగం చక్రాల వేగానికి కలుస్తుంది. బ్రేక్ మీద ఒక కాలు, యాక్సిలరేటర్ మీద ఇంకో కాలు పెట్టి నడిపేవాళ్లకి ఇది చాలా సులువు.

ఐదో మెట్టు: మోంజా

వాట్‌కిన్స్ గ్లెన్‌లో నిలకడ వచ్చాక మోంజా. అప్పటి మోంజాలో చికేన్‌లు (వేగం తగ్గించడానికి పెట్టే మెలిక మలుపులు) లేవు, 5.75 కిలోమీటర్లు దాదాపు అంతా పూర్తి వేగమే. జిమ్ క్లార్క్ 1967 పోల్ 1 నిమిషం 28.5 సెకన్లు, అంటే సగటున గంటకి దాదాపు 234 కిలోమీటర్లు.

స్టార్ట్ లైన్ దాటాక పొడవైన స్ట్రెయిట్, దాని చివర కర్వా గ్రాండే. కుడివైపు పొడవుగా తిరిగే ఈ మలుపులో మొదట యాక్సిలరేటర్‌ని కొంచెం తగ్గించి లోపలికి వెళ్లండి, ఆ తర్వాత నెమ్మదిగా పూర్తిగా నొక్కండి. మలుపు మధ్యలో తగ్గించకండి. తర్వాత రెండు లెస్మోలు, రెండూ కుడివైపే. మొదటి లెస్మోలో వేగం కోసం ఆశపడితే రెండోదానికి సరైన చోట ఉండలేరు. రెండో లెస్మో నుంచి ఎంత వేగంగా బయటికొస్తే అంత లాభం, ఎందుకంటే పాత బ్యాంకింగ్ (ఒకవైపుకి వాల్చి కట్టిన ట్రాక్) కిందుగా వెళ్లే దారి అక్కడే మొదలవుతుంది. తర్వాత వచ్చే వియాలోనె ఎడమవైపు తిరిగే వేగమైన మలుపు, ఇప్పటి అస్కారీ చికేన్ ఉన్న చోటు. చివరిది పారబోలికా. దీనిలోకి నెమ్మదిగా వెళ్లడం నేర్చుకుంటే ల్యాప్ టైమ్ తగ్గుతుంది. పొడవైన స్ట్రెయిట్ దీని తర్వాతే ఉంది కాబట్టి యాక్సిలరేటర్ ఎంత ముందుగా నొక్కగలిగితే అంత వేగం స్టార్ట్ లైన్ దాకా కలిసొస్తుంది.

1967 రేసులో క్లార్క్ టైర్ పంక్చరై ఒక ల్యాప్ మొత్తం వెనకబడి, ఆ ల్యాప్‌ని తిరిగి సంపాదించుకుని మొదటి స్థానానికి వచ్చాడు. చివరి ల్యాప్‌లో ఇంధనం అందక వేగం తగ్గిపోయింది. జాన్ సర్టీస్ హోండాతో జాక్ బ్రాబమ్‌ని 0.2 సెకన్ల తేడాతో ఓడించాడు. ఆ ట్రాక్ మీద వేగంగా తిరగడం ఎంత కష్టమో కొంచెం తెలిశాక ఈ కథ చదివితే క్లార్క్ మీద వేరే గౌరవం కలుగుతుంది. 1 నిమిషం 35 సెకన్లలోపు వరుసగా తిరగగలిగితే మీరు తర్వాతి మెట్టుకి సిద్ధం.

ఆరో మెట్టు: సెటప్

సెటప్‌ని, అంటే కారు స్ప్రింగులు, గేర్లు లాంటివి సర్దుకోవడాన్ని, ఇంత ఆలస్యంగా చెప్పడం ఉద్దేశపూర్వకంగానే. కారు ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా స్ప్రింగులు మారిస్తే ఏది ఎందుకు మారిందో అర్థం కాదు. గేమ్‌తో వచ్చే సెటప్‌లు ఎత్తుగా ఉంటాయి. ముందు కారుని నేలకి కొంచెం దగ్గర చేయండి. కింద తగలనంత వరకే.

తర్వాత డిఫరెన్షియల్, అంటే ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే భాగం. ఇది అన్నిటికంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. రెండు కోణాలుంటాయి, ఒకటి యాక్సిలరేటర్ నొక్కినప్పటికి, ఇంకోటి వదిలినప్పటికి. 30, 45, 60, 85 డిగ్రీలు. కోణం తక్కువైతే రెండు వెనక చక్రాలు ఎక్కువగా కలిసి తిరుగుతాయి, ఎక్కువైతే విడివిడిగా. వదిలినప్పటి వైపు 30 పెడితే బ్రేక్ వేసేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కారు స్థిరంగా ఉంటుంది. నొక్కినప్పటి వైపు 85 పెడితే మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు వెనక భాగం అంత సులువుగా జారదు. కొత్తవాళ్లకి ఈ జంట మంచి మొదలు.

బ్రేక్ బలం ముందు, వెనక చక్రాల మధ్య ఎలా పంచాలో కూడా చూడండి. బ్రేక్ వేయగానే వెనక భాగం తిరిగిపోతుంటే రెండు మూడు శాతం ముందుకి జరపండి. టైర్ల వేడి సెటప్ పేజీలో లోపలి వైపు, మధ్య, బయటి వైపు విడివిడిగా కనిపిస్తుంది. మధ్యలో ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, అంచులు వేడిగా ఉంటే తక్కువైనట్టు. కొన్ని ల్యాప్‌లు తిరిగాకే ఈ వేడి చూడాలి. ఒకేసారి రెండు విషయాలు మార్చొద్దు. మార్చిన ప్రతిసారీ సెటప్‌కి కొత్త పేరుతో సేవ్ చేసుకోండి.

గేర్ల విషయం తేలిక. స్ట్రెయిట్ చివర ఇంజన్ గరిష్ఠానికి చేరేలా ఐదో గేర్ పెట్టండి, మిగతావి మధ్యలో సమంగా పంచండి.

ఏడో మెట్టు: పెద్ద ట్రాక్‌లు

మోంజా తర్వాత కయాలామీ, జాండ్‌వోర్ట్, సిల్వర్‌స్టోన్, మెక్సికో సిటీ ఏ వరుసలోనైనా తిరగొచ్చు. మోస్‌పోర్ట్‌లో ఎత్తుపల్లాలు బాగా ఉంటాయి, జాగ్రత్త. ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి నిజానికి ఆ ఏడాది లె మాన్‌లోని బుగాటి ట్రాక్‌లో జరిగింది, కానీ గేమ్‌లో దాని బదులు రూఆన్ ట్రాక్ పెట్టారు. మంచి నిర్ణయం. కొండ దిగుతూ వరుసగా వచ్చే ఆ వేగమైన మలుపులు చూశాక ఎవరూ కాదనరు.

స్పా 14.1 కిలోమీటర్లు. ఊళ్ల మధ్య మామూలు రోడ్ల మీదుగా వెళ్తుంది. ఇక్కడ భయపెట్టేది మాస్టా కింక్. ఇళ్ల మధ్యగా పూర్తి వేగంతో వచ్చే ఎడమ, కుడి మలుపు. మొదట్లో అక్కడ యాక్సిలరేటర్‌ని గట్టిగానే తగ్గించండి. ఒక్కో ల్యాప్‌కి తగ్గించేది కొంచెం కొంచెం తగ్గించండి. డాన్ గర్నీ తాను స్వయంగా నిర్మించిన ఈగిల్‌తో ఆ ఏడాది ఇక్కడే గెలిచాడు. అందుకే స్పాకి వచ్చేసరికి ఈగిల్ నడిపి చూడాలనిపిస్తుంది, నడపండి. పొడవైన స్ట్రెయిట్‌లలో ఆ కారు అందం వేరు.

నూర్బుర్గ్‌రింగ్ 22.8 కిలోమీటర్లు. క్లార్క్ 1967 పోల్ 8 నిమిషాల 4.1 సెకన్లు. మొత్తం ట్రాక్‌ని ఒకేసారి నేర్చుకోవాలని ప్రయత్నిస్తే కుదరదు. ఒక సాయంత్రం మొదటి నాలుగైదు కిలోమీటర్లే మళ్లీ మళ్లీ నడపండి. మరుసటి సాయంత్రం ఆ తర్వాతి భాగం. కొండ ఎక్కి దిగే చోట్ల, గాలిలోకి లేచే చోట్ల కారుని తిన్నగా ఉంచడం అన్నిటికంటే ముఖ్యం. గాలిలో ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పి ఉంటే నేల తగిలిన క్షణం కారు తిరిగిపోతుంది. మొనాకోని ఆఖరున పెట్టుకోండి, గోడలు ఒక్క చిన్న తప్పునీ క్షమించవు.

రేసులు, ఆ తర్వాత

ప్రత్యర్థులతో రేసు మొదలుపెట్టేటప్పుడు నోవిస్ (కొత్తవాళ్ల కోసం పెట్టిన) పొడవులో ఉన్నవి ఎంచుకోండి. గేర్ వేసి ఇంజన్‌ని మధ్యస్థ వేగంలో ఉంచి, జెండా ఊపగానే క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్ మెల్లగా పెంచాలి. పూర్తిగా నొక్కితే చక్రాలు అక్కడే తిరుగుతాయి, అందరూ దాటిపోతారు. మొదటి ల్యాప్‌లో టైర్లు చల్లగా ఉంటాయి, ట్యాంక్ నిండుగా ఉంటుంది. ఆ రోజుల్లో రేసు మధ్యలో ఇంధనం నింపుకోవడం ఉండేది కాదు, మొత్తం మొదటే పోసేవారు. అందుకే మొదటి ల్యాప్‌లో ఎవరినీ దాటాలని చూడకుండా, పడకుండా బయటపడటమే పని. ప్రత్యర్థులు మరీ వేగంగా ఉన్నారనిపిస్తే జెమ్ ప్లస్‌లో వాళ్ల వేగం తగ్గించుకోండి. అదేం తప్పు కాదు. పక్కపక్కన నడుపుతూ మలుపు పంచుకోవడం నేర్చుకోవాలంటే దగ్గరగా నడిచేవాళ్లు కావాలి.

ప్రతి మంచి ల్యాప్‌నీ రీప్లేలో సేవ్ చేసుకుని రీప్లే అనలైజర్‌లో చూడండి. బ్రేక్ ఎక్కడ వేశారో, యాక్సిలరేటర్ ఎక్కడ ఎంత నొక్కారో గీతలుగా చూపిస్తుంది. మీకంటే వేగంగా తిరిగినవాళ్ల రీప్లే పక్కన పెడితే తేడా ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది. నా అనుభవంలో ఆ తేడా ఎప్పుడూ మలుపులోకి వెళ్లే వేగంలో కాదు, యాక్సిలరేటర్ ఎంత ముందుగా, ఎంత నున్నగా నొక్కారన్నదాంట్లోనే ఉంటుంది.

జీపీఎల్ (గ్రాండ్ ప్రి లెజెండ్స్) ర్యాంక్ అనే పద్ధతి ఉంది. 11 ట్రాక్‌లలో మీ మంచి టైములని ఒక ప్రమాణ టైముతో పోల్చి, తేడాలన్నీ కలిపి ఒక సంఖ్య ఇస్తుంది. మొదట అది పెద్ద ప్లస్ సంఖ్య. మెల్లగా తగ్గుతూ సున్నా దాటి మైనస్‌లోకి వెళ్లడం ఈ గేమ్ ఆడేవాళ్లందరికీ పెద్ద మైలురాయి. దానికి ఏళ్లు పట్టినవాళ్లున్నారు. ఆ సంఖ్య కోసం ఏదో ఒక ట్రాక్ మీదే కూర్చోకుండా, ఎక్కడ ఎక్కువ వెనకబడ్డారో ఆ ట్రాక్‌కి వెళ్లండి. ఇతరులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఐగోర్ అనే ప్రోగ్రామ్ ద్వారా వెళ్లొచ్చు. వెళ్లేముందు ఒంటరిగా ఆ ట్రాక్‌లో ఒక్క స్పిన్ కూడా లేకుండా రేసు పొడవు నడపగలగాలి. ఎదుటివాళ్ల రేసు పాడుచేయకుండా ఉండటం అక్కడ మొదటి మర్యాద.

ఆ తర్వాత మోడ్‌ల లోకం ఉంది. 1965, 1966, 1969 సీజన్లు, 1967 స్పోర్ట్స్ కార్లు, ఉత్తర అమెరికా క్యాన్-యామ్ సిరీస్ కార్లు అన్నీ అభిమానులు తయారుచేశారు. మొదట 1965 వేయండి. ఒకటిన్నర లీటర్ల చిన్న ఇంజన్లు, తక్కువ శక్తి, కాబట్టి వేగాన్ని ఎక్కడా పోగొట్టుకోకుండా నడపడం నేర్పుతాయి. 1969 కార్లకి రెక్కలున్నాయి, అవి వేరే పాఠం. ఏ మోడ్ వేసినా దానికి తగ్గ సెటప్‌లు విడిగా దింపుకోండి, 1967 సెటప్‌లు వాటికి పనికిరావు.

పాపిరస్ మూతపడింది. డేవిడ్ కేమర్ ఆ తర్వాత ఐరేసింగ్ మొదలుపెట్టాడు, అది 2008లో అందుబాటులోకి వచ్చింది. గ్రాండ్ ప్రి లెజెండ్స్‌తో అలవాటైన కాలు అక్కడికి వెళ్లినా పనికొస్తుంది. లోటస్ 49 అందులో కూడా ఉంది.